తెల్లకొంగు పక్కన కన్ను

హైదరాబాదు ల్యాబులో నేను చేసే పని మా ఊరు కొత్తపేటలో ఎవరికీ అర్థం కాదు. ప్లాస్టిక్ పళ్ళేల్లో కాలేయ కణాలు పెంచుతాను. మందు వాటిమీద వేసి, చచ్చాయా బతికాయా అని చూస్తాను. అక్కడ మా పెద్దమ్మ మాత్రం దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది: మా అమ్మాయి లివరు డాక్టరు. కాదు మొర్రో అన్నా వినేది కాదు.

ఆ పెద్దమ్మకే టీబీ వచ్చింది. బిళ్ళలు మొదలుపెట్టిన కొన్నాళ్ళకి కళ్ళు పచ్చబడ్డాయి. మందులవల్లే కాలేయం దెబ్బతిందని అన్నీ ఆపేశారు. ఆపితే టీబీ ఊరుకోదు, వాడితే కాలేయం ఊరుకోదు. ఏ బిళ్ళవల్లో తేల్చమని ఇంటిల్లిపాదీ నా మీద పడ్డారు. నేనూ వెర్రిదాన్నే, ఆ మందులన్నీ ఒక్కొక్కటిగా మా కణాలమీద వేసి చూశాను. అవి ఎప్పుడో, ముక్కూ మొహం తెలియని ఎవరి కాలేయపు గడ్డలోంచో తీసినవి. పెద్దమ్మవి కావుగా. ఏ మందు వేసినా నిక్షేపంలా ఉన్నాయి. వాటిని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

సెలవు పెట్టి కొత్తపేట వెళ్ళాను. అప్పటికి కళ్ళు తేటపడ్డాయి. బిళ్ళలు ఒక్కొక్కటే మళ్ళీ మొదలుపెట్టాలని, రక్తపరీక్షల మధ్య రోజుల్లో కళ్ళు కనిపెట్టుకుని ఉండమని డాక్టరుగారు చెప్పారు. అంటే పరీక్ష పెద్దమ్మమీదే. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక నసుగుతుంటే ఆవిడే నవ్వింది.

"అయితే ఇంక నీ పళ్ళెం నేనేనన్నమాట."

రోజూ పొద్దున్నే, చర్చికి కట్టుకునే తెల్లచీర బయటికి తీసి, కొంగు కంటి పక్కన పెట్టుకుని, రెప్ప కిందికి లాగి చూపించేది. ల్యాబులో మేమూ మందు వెయ్యని కణాల్ని పక్కనే ఉంచుకుని పోల్చుకుంటాం. ఆ సంగతి చెబితే మురిసిపోయింది. మొదటి బిళ్ళ ఏమీ చెయ్యలేదు. రెండోది నా చేత్తోనే ఇచ్చాను. ఇన్నేళ్ళు చదివిన చదువు గ్లాసుడు మంచినీళ్ళు అందించడానికే పనికొచ్చింది. ఏడుపొచ్చింది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం కొంగు తెల్లగానే ఉంది. కన్ను తెల్లగా లేదు. ఎలా ఉందమ్మా అని అడిగింది. నా మొహం చూసి తనే కొంగు దించేసింది.

"పోన్లే, ఏ బిళ్ళో తెలిసిందిగా. ఇంక దాన్ని ఆ పళ్ళేల్లో వాటికి పెట్టకమ్మా, పాపం."

వాటికి ఏమీ కాలేదని ఆవిడతో ఎలా చెప్పను?