సాలెగూడు చెదరని వాన

నేను దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పటి నుంచి ఆదివారం బడి, వాక్యం, ఉపవాస ప్రార్థనలు. దేవుణ్ణి నమ్మినవాడికి తక్కినవాటితో పనేముందని మా నాన్న అనేవారు. నేనూ అదే అనేవాడిని.

రెండు వేల పదిహేను ప్రాంతంలో విజయనగరంలో వాన లెక్కలు చూసే ఉద్యోగం చేసేవాడిని. రాడార్ బొమ్మ, ఉపగ్రహం బొమ్మ, ఊళ్లలోని వాన కొలిచే యంత్రాలు పంపే అంకెలు, ఈ మూడింటినీ పోల్చి, పొసగని అంకెను చెరిపేయడం నా పని.

ఆగస్టులో ఒక ఉదయం, శృంగవరపుకోట దాటాక కొండ మీద ఉన్న యంత్రం వాన చూపించింది. పావుగంటకొకటి చొప్పున నాలుగు అంకెలు. తొమ్మిది, పదిహేడు, ఇరవై రెండు, పద్నాలుగు మిల్లీమీటర్లు. రాడార్‌లో మచ్చ లేదు. ఉపగ్రహం బొమ్మలో మబ్బు లేదు.

బండి మీద వెళ్లి చూశాను. ఎండ కాస్తోంది. యంత్రం గరాటు మూతికి అడ్డంగా సాలెగూడు, ఒక్క పోగు తెగలేదు. దాని కింద దుమ్ము. అయినా చుట్టూ తడి మట్టి వాసన.

ఆఫీసుకొచ్చి అంకెలు చెరిపేశాను. రిపేరువాళ్లకు చెప్పడానికి ఆ నాలుగు అంకెలూ చీటీ మీద రాసి బైబిల్లో పెట్టుకున్నాను.

మర్నాడు అదే వేళకు తెర మీద తొమ్మిది. తర్వాత పదిహేడు. రాడార్ ఖాళీ. చెరపబోయి ఆగాను. ఆ కొండ కింద వాగు, మేం గెడ్డ అంటాం, అది దాటి మా అక్క రోజూ ఊడ్పులకు వెళ్తుంది. ఫోన్ చేశాను.

"అక్కా, గెడ్డలో దిగొద్దు. పైన వాన పడతన్నాది."

"ఒరే, ఇక్కడ ఎండకి మాడిపోతన్నాం. నీ డబ్బాకి పిచ్చెక్కినాదేటి?" అని, పక్కనున్న ఆడవాళ్లతో, "సూడండే, మా తమ్ముడు ఆపీసులో కూకుని వాన కురిపిస్తన్నాడు!" అంది.

వాళ్లంతా నవ్వారు. నన్ను ఆటపట్టిస్తూ గట్టు మీదే నిలబడిపోయారు. తెర మీద ఇరవై రెండు వచ్చింది.

ఉన్నట్టుండి నవ్వులు ఆగిపోయాయి. ఫోన్‌లో హోరు.

"ఒరే... గెడ్డ వచ్చేసినాది," అంది అక్క మెల్లగా. "దాటదామని నా సద్ది గిన్నె ముందే ఆ మధ్య రాయి మీద ఎట్టినాను. పోనాది."

చివరి అంకె పద్నాలుగు. చీటీ తీసి చూసుకున్నాను. నిన్నటి నాలుగూ అవే, అదే వరుసలో.

కొండ అడ్డమొస్తే వాన రాడార్‌కు అందకపోవచ్చని మా ఇంజనీరు చెప్పారు. రెండో రోజుకు ఆ మాట సరిపోతుంది.

ఆ ఆదివారం మా చర్చి సంఘంలో, దేవుడు తనను ఎలా కాపాడాడో అక్క సాక్ష్యం చెప్పింది. నన్నూ చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను, మళ్లీ కూర్చున్నాను. అది దేవుడి హెచ్చరికే అయితే, మొదటిసారి దాన్ని తప్పని చెరిపేసింది నేనే.

చీటీ ఇప్పటికీ బైబిల్లోనే ఉంది. ఆ మొదటి రోజు వాన ఎక్కడ పడిందో మాత్రం నాకు నేటికీ తెలియదు.