బాపు టాబ్లెట్‌లో నొప్పి బొమ్మ

గొంతు ఆపరేషన్‌తో మా బాపుకు మాట పోయింది. బొమ్మను తాకితే మాట పలికే మామూలు టాబ్లెట్ చాలని నేను మొత్తుకున్నాను. అన్న వినలేదు.

"గసొంటిది పిల్లలు ఆడుకునేది. దీంట్ల పూర కంప్యూటర్ ఉంటది, రేపు నా షాపు పనికి గూడ అక్కరకొస్తది" అంటూ జగిత్యాల నుంచి పెద్దది తెచ్చాడు. రేపు అంటే బాపు పోయాక అని బాపుకూ అర్థమైంది.

తెర మీద నీళ్లు, చాయ్, ఫ్యాన్, నొప్పి బొమ్మలు పెట్టాం. బాపు సిరిసిల్లలో బతుకంతా సాంచాలు అనే మరమగ్గాలు నడిపిన మనిషి. మగ్గం వేగం అందుకునేదాకా పిడి వదలని చెయ్యి. బొమ్మనూ అలాగే అదిమి పట్టేవాడు. అలా అదిమితే ఆ టాబ్లెట్ మాట పలకదు. కాపీ, డిలీట్ అని ఏవేవో చూపిస్తుంది. ఇంగ్లిష్ రాని బాపు వాటినీ నొక్కేవాడు.

చివరి వారం డాక్టరు నొప్పి గురించి అడిగాడు.

"లేదు సార్, గా బొమ్మ మోగనే లేదు" అన్నాడు అన్న. డాక్టరు మందు పెంచలేదు.

కర్మకాండలయ్యాక, షాపుకు పనికొచ్చేలా చెయ్యమని అన్న టాబ్లెట్ నాకిచ్చాడు. తెర మీద నీళ్లు, చాయ్, ఫ్యాన్ ఉన్నాయి. నొప్పి లేదు. డిలీట్ చేసినవి పడే చెత్తబుట్ట తెరిచాను.

అందులో ఉంది.