ఫిరంగికి బొట్టు

మా బావ ఎల్లారావు స్టీలు ప్లాంటులో ముప్ఫై మూడేళ్లు క్రేను నడిపాడు. కరిగిన ఉక్కు నిండిన పెద్ద పెద్ద బకెట్లను నెత్తిమీదుగా మోసుకెళ్లే క్రేను అది. పైన క్యాబిన్లో ఆయన, కింద చేతులతో సైగలు చేసే మనిషి ఒకడు. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి కింది మనిషి చెయ్యి ఎటంటే అటు. ఆ మనిషిని నమ్మకపోతే క్రేను కదలదని బావ ఎప్పుడూ అంటుంటాడు. అన్నేళ్లలో ఒక్క చుక్క ఒలకబోయలేదు. అలాంటి మనిషికి నేను చేసిన పని చెప్పుకుంటే సిగ్గు, చెప్పకపోతే అజీర్తి.

నా పేరు శ్రీరామ్మూర్తి, పోర్టు ఆఫీసులో గుమాస్తాని. మా పుష్పక్క మొగుడే ఎల్లారావు. నాకు నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చని మా ఇంటిల్లిపాదికీ ఓ నమ్మకం, నాకు అంతకు మించి గర్వం. వాళ్లమ్మాయి నిఖిత గ్లాస్గోలో చదువుకుంటోంది. చదువు ముగిసేలోగా ఒకసారి వచ్చి ఊళ్లూ కోటలూ చూసి వెళ్లమంటే, కిందటేడు సెప్టెంబరులో అక్కాబావలతో నేనూ బయల్దేరాను. మాటసాయానికని నన్ను తీసుకెళ్లారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

గ్లాస్గోలో దిగిన గంట నుంచే నాకు నామర్దాగా ఉంది. బావ మంకీ క్యాప్ తియ్యడు. రైల్లో ఎదుటి సీటు ముసలాయన్ని చూసి నవ్వి, ఎక్కడికి వెళ్తున్నావని చేత్తో సైగ చేశాడు. ముసలాయన కూడా నవ్వి తన ఊరేదో చెప్పాడు. నేను కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాను. ఎడిన్‌బరో కోట కింద తోటలో అక్క పులిహోర డబ్బా విప్పితే, పదడుగులు అవతలికి పోయి బోర్డు చదువుతున్నట్టు నటించాను. ఆకలేసి తర్వాత వచ్చి తిన్నాననుకోండి. స్టెర్లింగు కోటలో బావకి రాజులూ రాణులూ పట్టలేదు. అంతంత బండరాళ్లని పైకెలా ఎత్తారో, తాళ్లు ఎక్కడ కట్టారో అని గోడ పొడుగునా తలెత్తి చూసి, నాకు చెప్పబోయాడు. నాకు వినే ఓపిక లేకపోయింది.

పదిహేడో తారీఖున సముద్రం ఒడ్డునున్న ఓ చిన్న కోటకి వెళ్లాం. దాని పేరు నాకు నోరు తిరగదు. ఆ రోజు విశ్వకర్మ పూజ. ప్లాంటులో ఆ పూట మిషన్లు కడిగి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు పెట్టందే ఏ క్రేనూ కదలదు. బావ రిటైరై అప్పటికి ఏడు నెలలు. పొద్దున బస్సులో నా చెవిలో అన్నాడు, "ఈ యేడు నా సేతికింద మిసనేదీ నేదు మూర్తీ. సెయ్యి ఊరుకోడం నేదు." ఊరు చూడ్డానికొచ్చి ఇదేం గోల అని నేను విసుక్కున్నాను.

కోట బురుజు మీద పాత ఇనప ఫిరంగి ఒకటుంది. అక్కా నిఖితా కింద కొట్లో బొమ్మలు చూస్తున్నారు. బావ బూట్లు విప్పాడు. నాకు అర్థమయ్యేలోపే జేబులోంచి పసుపు, కుంకుమ పొట్లాలు తీసి, సీసా నీళ్లతో తడిపి, ఫిరంగి మూతికి మూడు చోట్ల బొట్లు పెట్టేశాడు. చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు, నిఖిత ఫ్రిజ్జులోంచి తెచ్చినది. రెండు చేతులూ ఇనుముకి ఆనించి కళ్లకద్దుకున్నాడు. చుట్టూ జనం చేరారు. ఇద్దరు ఫోన్లు ఎత్తారు. వాళ్లు నవ్వారో లేదో ఇప్పటికీ చెప్పలేను, నవ్వుతున్నారనే నాకనిపించింది.

కాపలా ఆవిడ వచ్చింది. గట్టిగా కూడా మాట్లాడలేదు. పాత వస్తువనీ, రంగు అంటుకుంటే పోదేమోననీ నెమ్మదిగానే చెప్పింది. బావకి ముక్క అర్థం కాలేదు. క్యాబిన్లోంచి కింది మనిషి చెయ్యి కోసం చూసినట్టు నా వైపు చూశాడు. ఆ చూపు వెంటే ఆవిడా నన్ను చూసి, ఈయన మీతో వచ్చారా అని అడిగింది.

"నో" అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆయనెవరో నాకు తెలియదని, ఎక్కడా తడబడకుండా పూర్తి వాక్యం చెప్పాను. నా ఇంగ్లీషు అందుకు పనికొచ్చింది.

నో అనే ముక్క బావకి తెలుసు. నా మీంచి చూపు తీసేసి, ఆవిడకి దండం పెట్టాడు. నేను మెట్లు దిగాను. మలుపులోంచి వెనక్కి చూస్తే, మంకీ క్యాప్ చంకలో పెట్టుకుని, ఆవిడ ఇచ్చిన గుడ్డతో వంగి ఫిరంగి తుడుస్తున్నాడు. వెనక్కి వెళ్లాల్సింది. వెళ్లలేదు. పావుగంటకి ఆయన కిందికొచ్చాడు. ఇంతసేపూ మావయ్య నీతో లేడా నాన్నా అని నిఖిత అడిగితే, "ఉన్నాడమ్మా. నాకన్నా ముందల దిగేడు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తిరిగొచ్చాక నెల రోజులు ఆ ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒక ఆదివారం ప్లాంటు దగ్గరి కూర్మన్నపాలెం జంక్షన్లో టీ కొట్టు దగ్గర ఆయనతో పనిచేసినవాళ్లు నలుగురు కూడారు, బావ వెంట నేనూ వెళ్లాను. పదేళ్లు ఆయనకి కిందనుంచి సైగలు చేసిన వరహాలు, కోటల కబుర్లు చెప్పమన్నాడు. బావ అన్నీ చెప్పి ఫిరంగి దగ్గరికొచ్చాడు. బొట్టు పెట్టడం, కాపలా ఆవిడ రావడం చెప్పాడు. అప్పుడు మా మూర్తి అడ్డం వచ్చి, ఇంగ్లీషులో ఆవిడకి అంతా విడమరిచి చెప్పాడనీ, చివరికి ఆవిడ కూడా దండం పెట్టిందనీ చెప్పాడు. వరహాలు నా భుజం తట్టి నాకు ఇంకో టీ చెప్పాడు.

బావ నన్ను కాపాడుతున్నాడనుకున్నాను. ఇంత మంచివాడిచేత ఇంకా అబద్ధాలాడించడమా అని ఉన్నట్టుండి పుణ్యాత్ముణ్ణయిపోయాను.

"నాను మాటాడనేదు. ఈయనెవలో నాకు తెల్దని సెప్పీసి ఎల్లిపోనాను" అన్నాను.

వరహాలు బావ ముఖం చూసి, చూడకూడనిదేదో చూసినట్టు కళ్లు దించుకున్నాడు. మిగతావాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు ఒక్కొక్కరే లేచారు, వరహాలు ఆఖర్న వెళ్లాడు. సిగ్గులేని మాటే గానీ, ఆ కాసేపూ నాకు గుండె బరువు దిగి హాయిగా ఉంది.

ఇద్దరమే మిగిలాక బావ అడిగాడు, "నీ పరువు కోసం అలగ సెప్పేననుకున్నావేటి?"

అవునన్నట్టు తలూపాను.

"నాకోసం సెప్పుకున్నాను మూర్తీ. బొట్టు తుడిపించినారంటే నవ్వుకుంతారు, నాకేటి. సొంత బావమరిది కాదన్నాడని ఎవలకి సెప్పుకోను? అక్కడ ఒకపాలి అన్నావు. ఇక్కడ నా వోళ్ల ముందర మల్లీ అన్నావు."

గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. రోడ్డు మీద లారీలు వరసగా వస్తున్నాయి. నేను గబగబా ముందుకెళ్లి, ఆయన దాటడానికి వీలుగా చెయ్యెత్తి వాటిని ఆపబోయాను. ఆయన నా చేతి వైపు చూడలేదు. లారీలన్నీ వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాత ఒక్కడే దాటాడు.