ఒక పూటకి అరువిచ్చిన ఇల్లు

పోయిన ఆదివారం అమ్మను చూడ్డానికి కామాఠీపురా వెళ్తూ, ఫోరస్ రోడ్డు మలుపులో బత్తాయిలు బేరం చేస్తుంటే వెనక నుంచి ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. చూస్తే అమ్మవాళ్లుండే అద్దెగదుల చాల్‌లోనే కింది అంతస్తులో ఉండే ఆవిడ. “అక్కా, మీ తమ్ముని బిడ్డ కోసం బళ్లె మస్తు కొట్లాడినవంట గద. మా మనుమరాలి బడికి గూడ జర రారాదు? బల్ల కింద దూరితే బయటికొస్తలేదంట. పేరు తీసేస్తమంటున్నరు” అంది, పెళ్లికి వంటమనిషిని కుదుర్చుకుంటున్నంత మామూలుగా. నాకు కోపం రాలేదు. ఈ వయసుకి నేను సంపాదించుకున్న పేరు అదొక్కటే. “వస్త గని, బళ్లె అడ్రసు ఎవల్ది రాయించిన్రో ముందు గది చెప్పు” అన్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది. “మా చెల్లెల్ది... ములుండ్‌ది” అని గొణిగింది. నాకు నవ్వాగలేదు.  ఎందుకో చెప్పాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాలి.

బయటివాళ్లకి కామాఠీపురా అనగానే ఒళ్లమ్ముకునే వ్యాపారం ఒక్కటే గుర్తొస్తుంది. అది గుర్తు రాగానే పెదవి చివర ఒక చిన్న నవ్వు మొలుస్తుంది. ఆ నవ్వు నాకు కాలేజీ రోజుల నుంచి పరిచయం. అసలు ఆ పేరే మాదని వాళ్లెవరికీ తెలియదు. పాలమూరు వైపు నుంచి వచ్చి ఈ నగరం గోడలకి రాయీ సున్నమూ మోసిన తెలుగు కూలీలని కామాఠీలన్నారు, వాళ్లున్న చోటు కామాఠీపురా అయింది. మా తాత మోసిన రాళ్లు ఏ భవనంలో ఉన్నాయో మాకు తెలియదు గానీ, అలాంటి భవనాల్లోకి ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఎక్కడుంటావని అడిగితే మాత్రం నీళ్లు నమిలేవాళ్లం. అందుకని మావాళ్లలో ప్రతి ఇంటికీ అవసరానికి పనికొచ్చే రెండో అడ్రసు ఒకటి ఉండేది. సాధారణంగా అది పెళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డది. మా ఇంటికి ఆ అడ్రసు నాది. నేను సాయన్‌లో ఉంటాను. ఆ మాటకొస్తే మా బిల్డింగు ధారావిలోకే వస్తుంది, కిటికీ తీస్తే తోళ్ల వాసన మంచం దాకా వస్తుంది. అయినా బిల్డింగు వాళ్లమంతా సాయన్ అనే రాసుకుంటాం. ఈ ఊళ్లో ఎవరు నిజంగా ఎక్కడుంటారో పోస్ట్‌మన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. మా తమ్ముడు కూతుర్ని దాదర్ పక్కన ఒక ఇంగ్లీషు మీడియం బడిలో వేసినప్పుడు నా అడ్రసే రాయించాడు. అందులో ఎవరికీ తప్పేమీ తోచలేదు. నాకు ఇప్పటికీ తోచదు.

పిల్ల అప్పుడు ఒకటో తరగతి. మేనత్తని కాబట్టి నన్ను మరాఠీ పిల్లల్లాగా ‘ఆత్యా’ అని పిలిచేది. వాళ్ల ఇల్లంటే అమ్మతో కలిపి అందరికీ ఒక్క ఖోలీ, అందులోనే ఒక మూల స్నానానికీ గిన్నెలకీ కలిపి మోరీ, పైన పడుకునే అటక, బయట అన్ని గదులనీ కలుపుతూ పొడుగాటి గ్యాలరీ. ఆ గదిలో పిల్ల నిలబడ్డ చోట నిలబడేది కాదు. కుక్కరు కూసిందంటే చెవులు మూసుకుని చాల్ అంతా వినపడేలా అరిచేది. దువ్వెన తలకి తగిలితే కొరికేది. ఒకోసారి చెవి పక్కన పిలిచినా పలికేది కాదు, ఒకోసారి పిలవకుండానే వచ్చి నా పొట్టలో తల పెట్టి, గోడని తోస్తున్నట్టు తోసేది. దిష్టి అంది అమ్మ. మొబైల్ అన్నాడు తమ్ముడు. మరదలు మాత్రం తను చేసిన తప్పేదో దాచుకున్నదానిలా తల వంచుకునేది. ఒక డాక్టరు చిన్నపిల్ల కదా, చూద్దామన్నాడు. ఇంకో డాక్టరు పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించాలన్నాడు. అక్కడ వంతు రావడానికి నెలలు పడుతుందన్నారు. మొత్తానికి దీనికి ఫలానా అని ఎవరూ పేరు పెట్టలేదు.

బడి వాళ్లు మాత్రం పెట్టారు. ‘మొండి’. టీసీ తీసుకుపొమ్మని కబురొచ్చింది. తమ్ముడికి ఇంగ్లీషంటే భయం, నాకు డిగ్రీ ఉంది, అంతకంటే ముఖ్యంగా నోరుంది. మరదల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆఫీసు గదికి పోయే దారిలోనే ఒకటో తరగతి కిటికీ. ఊరికే తొంగి చూశాను. పిల్లలంతా బోర్డు వైపు చూస్తూ ఏదో పద్యం అరుస్తున్నారు. వెనకాల, బీరువా పక్కన, ఒక చిన్న బెంచీ గోడ వైపుకి తిప్పి ఉంది. దాని మీద మా పిల్ల. వీపు మాకు, ముఖం గోడకి. మరదలు చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఎప్పటి నుంచి ఇలా అని అడిగితే టీచరు ఏ దాపరికమూ లేకుండా చెప్పింది: “దీపావళి సెలవుల తర్వాత నుంచండీ. అక్కడైతే శాంతంగా ఉంటుంది.” ఇంట్లో ఈ సంగతి పిల్ల ఒక్కసారి కూడా చెప్పలేదు. బడంటే అందరికీ అలాగే ఉంటుందనుకుందేమో.

హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషి. చిక్కంతా అక్కడే. చెడ్డవాళ్లతో కొట్లాడడం నాకు సులువు. ఆవిడ మంచినీళ్లు తెప్పించి, డాక్టరు సర్టిఫికెట్ తెస్తే ఏదైనా సాయం చేయగలమంది. “జబ్బు పేరు తేలేదాకా సాయం లేదంటారా? ఆ లోపల పిల్ల గోడని చదువుకోవాలా?” అన్నాను. “మిగతా తల్లిదండ్రులకి నేనేం చెప్పను?” అంది. “మీరు చెప్పకండి, నన్ను పంపించండి” అన్నాను. అది బెదిరింపని ఆవిడకి అర్థమైంది. చివరికి ఒక దారి చెప్పింది. బడి కౌన్సిలర్ ఇంటికి వచ్చి పిల్లని చూస్తుంది. ఆమె రాసిన దాన్నిబట్టి తోడుగా మనిషిని పెట్టాలో, పేరు తీసెయ్యాలో తేలుస్తారు. “తప్పకుండా పంపండి. మా ఇల్లు ఎప్పుడూ తెరిచే ఉంటుంది” అని గొప్పగా చెప్పి లేచాను. మెట్లు దిగుతుంటే మరదలు వెనక నుంచి మెల్లగా అడిగింది: “వదినా, ఏ ఇల్లు తెరిచే ఉంటది?”

అప్పుడు గుర్తొచ్చింది.

అలా మా సాయన్ ఇల్లు ఒక పూటకి తమ్ముడి ఇల్లయింది. ఆ శనివారం పొద్దున్నే అమ్మ మూట కట్టుకుని దిగింది. అందులో పిల్ల దిండు, పిల్ల స్టీలు పళ్లెం, దేవుడి పటం, పిల్ల చిన్నప్పటి ఫొటో. ఫొటోకి మేకు కొట్టడానికి చోటు చూపించమని నన్నే గద్దించింది. మా ఆయన లుంగీలో పేపరు చదువుకుంటుంటే నా చెవిలో, “మీ ఆయన్ను జర ప్యాంటేసుకొమ్మను. ఇయ్యాల ఇది మా ఇల్లు గద, ఆయన సుట్టం” అంది. పాపం ఆయన సొంత ఇంట్లో కుర్చీ అంచున చుట్టంలాగే కూర్చున్నాడు, మధ్యలో మంచినీళ్లు కూడా అడిగి పుచ్చుకున్నాడు. తమ్ముడు వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో బట్టీ పట్టాడు. నవ్వుకున్నాం, నిజంగానే నవ్వుకున్నాం. అమ్మ పిల్లని మోరీ లేని ఆ కొత్త ఇంట్లో సోఫా మీద కూర్చోబెట్టి ఏదో చెబుతోంది. నేను వినలేదు. టీ కప్పులు తుడుస్తున్నాను.

కౌన్సిలర్ చిన్న వయసు మరాఠీ అమ్మాయి. చెప్పులు విడిచి, పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది. రంగు పెన్సిళ్లు ఇచ్చింది. పిల్ల ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని, కుడిచేత్తో ఒక్క గీత బయటికి పోకుండా చేపకి రంగు వేసింది. అడిగిన దానికల్లా “ఎస్ టీచర్” అంది. వంటింట్లో ఆపడం మరిచిపోయిన మా కుక్కరు కూసింది. ఇంట్లో పెద్దవాళ్లందరం పిల్ల వైపు తిరిగాం. పిల్ల కళ్లు గట్టిగా మూసి తెరిచింది, అంతే. గంటసేపు అలాగే. తమ్ముడు నా వైపు చూసి కనుబొమలెగరేశాడు, చూశావా నా బిడ్డ అన్నట్టు. అంతలో ఆ అమ్మాయి పెన్సిళ్లు సర్దుకుంటూ చెప్పింది: “ఏ ఇబ్బందీ లేదండీ. ఇంట్లో ఇంత బుద్ధిగా ఉండగలిగిన పిల్ల బడిలో ఉండడం లేదంటే, తెలిసే చేస్తోందన్నమాట. నేను అదే రాస్తాను.”

మా నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పిల్ల గెలిచింది, అందుకే పేరు పోతోంది. నేను బిస్కెట్టు ఇవ్వబోతూ తొడ కింద ఉన్న ఆ ఎడమ చెయ్యి పట్టుకుని పైకి తీశాను. గౌను పక్కన తొడ మీద గోళ్లు దిగిన గుర్తులు. చంద్రవంకల్లాగా, ఒకదాని పక్కన ఒకటి, కొన్నింట్లో నెత్తురు చెమర్చింది. గోళ్ల కింద కూడా. “ఏందే ఇది?” అన్నాను. పిల్ల నా ముఖం చూడకుండా చెప్పింది: “గిచ్చుకుంటే కాళ్లు ఆగుతయి ఆత్యా. ఇది మనిల్లు గాదు గద. కదిలితే బడి వోతదని అవ్వ అన్నది.”

  అమ్మ, ఎవరికీ చివరి మాట వదలని మా అమ్మ, వచ్చి పిల్ల గోళ్లని కొంగుతో తుడవబోయింది. మరదలు పిల్లని లాక్కుని ఒళ్లో వేసుకుంది. కౌన్సిలర్‌కి తెలుగు రాదు. మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, “క్యా బోలీ?” అని నన్ను అడిగింది. తమ్ముడు ఆమె వెనక నుంచి వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. ఉన్నదున్నట్టు చెబితే దొంగ అడ్రసు బయటపడి పేరు పోతుంది. చెప్పకపోతే ‘తెలిసే చేస్తోంది’ అన్న రాతతో పేరు పోతుంది. రెండింట్లో ఏది నయమని నేను ఆలోచించానంటే అబద్ధం. ఆ తొడ చూశాక నాకు ఆలోచన రాలేదు. పిల్ల అన్న ప్రతి మాటా హిందీలో చెప్పేశాను. ఇది మా ఇల్లు, వాళ్లది కాదని కూడా చెప్పాను.

 ఆ అమ్మాయి రంగు వేసిన చేప కాగితం చేతిలో పట్టుకుని, అది ఎవరు ఇచ్చారో తెలియనట్టు చూసింది. తర్వాత పిల్లనే అడిగింది, మీ ఇల్లు ఎక్కడ అని. పిల్ల టాక్సీవాడికి చెప్పినట్టు దారితో సహా గట్టిగా చెప్పింది: “కామాఠీపురా. ఫాక్‌లాండ్ రోడ్ సే అందర్.” అంతే, “చలో” అని ఆ అమ్మాయి లేచింది.

చాల్ మెట్లు ఎక్కీ ఎక్కగానే పిల్ల మా చేతులు విదిలించుకుని పరుగందుకుంది. గ్యాలరీ ఆ చివరి నుంచి ఈ చివరికి, ప్రతి తలుపూ అరచేత్తో చరుస్తూ. బియ్యం ఏరుకుంటున్న ముసలావిడ మాట ఆపకుండానే చేట ఒళ్లోకి లాక్కుంది. స్టూలు మీద కూర్చున్న పెద్దాయన కాళ్లు పైకి పెట్టుకున్నాడు. “వచ్చిందమ్మా మెయిల్ బండి! పోరీ, నా బకెటు తంతే సూడు!” అని ఒకావిడ తిడుతూనే బకెట్ పక్కకి జరిపింది. వీళ్లేదో మహాత్ములని కాదు. జరపకపోతే వాళ్ల నీళ్లే పోతాయి. పిల్ల అలా తిరిగి తిరిగి, ఒక్కసారిగా వచ్చి గడప మీద కూర్చుని, సంచీ తీసి, ఎవరూ చెప్పకుండానే లెక్కలు చేసుకోవడం మొదలుపెట్టింది. పక్కింటి కుక్కరు కూసేసరికి మళ్లీ చెవులు మూసుకుని కేక. ఈసారి ఎవరూ దాన్ని దాచలేదు. కౌన్సిలర్ గడప అవతల నేల మీద కూర్చుని, ఇద్దరి మధ్యా జానెడు దూరం ఉంచి, చీకటి పడేదాకా అన్నీ చూసింది.

సోమవారం తమ్ముడూ నేనూ అసలు అడ్రసు పట్టుకుని బడికి వెళ్లాం. హెడ్‌మిస్ట్రెస్ చదివింది. తల ఎత్తి, ఎంతో దయగా, “ఓ... కామాఠీపురా. అందుకేనా” అంది. ఆ చిన్న నవ్వు కూడా లేదు. జాలి. నవ్వే నయం. నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. “అందుకే అంటే ఏమిటి మేడమ్? ఆ పిల్ల ముఖాన్ని గోడకి తిప్పింది కామాఠీపురా కాదు” అన్నాను. నేను ఇంకా చాలా అనేదాన్ని. కౌన్సిలర్ అమ్మాయి నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. “అక్కడ తిరిగొచ్చి తనంతట తనే లెక్కలు చేసుకుంది మేడమ్. ఇక్కడ కూడా తిరగనిద్దాం. తెలిసే చేస్తోందని నేను రాయను. సర్టిఫికెట్ వచ్చినప్పుడు వస్తుంది” అంది. హెడ్‌మిస్ట్రెస్ ఎవరి వైపూ చూడకుండా మంచినీళ్లు తాగింది. మర్నాటి నుంచి బెంచీ తలుపు పక్కకి వచ్చింది, బోర్డు వైపుకి. కాళ్లు ఆగనప్పుడు వరండా చివరిదాకా వెళ్లి రావచ్చు. గంట కొట్టే ముందు ఆయా వచ్చి చెవిలో చెప్పాలి. అడ్రసు సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. అంతా బాగైపోయిందని చెప్పను. తర్వాత ఒకసారి పక్క పిల్లని కొరికింది, కొన్నాళ్లు ఇంటికి పంపారు, నేను మళ్లీ వెళ్లాను. అమ్మ మాత్రం ఆ తర్వాత ఆ పిల్లకి ‘కదలొద్దు’ అని చెప్పగా నేను వినలేదు.

పిల్ల ఇప్పుడు నాలుగో తరగతి. ఈ జూన్‌లో యూనిఫారం కుట్టించబోతే, పోయినేడాది కొలత ఏ మూలకీ చాలదని దర్జీ మళ్లీ టేపు తీశాడు. పెద్దాసుపత్రిలో డాక్టరు మారినప్పుడల్లా మా వంతు మళ్లీ మొదటికొస్తోంది. రేపో మాపో పిలుస్తారు, పిలవకేం. అక్కడ వాళ్లు ఎదురుచూస్తున్నది మాత్రం అప్పుడు పేరు రాయించిన ఆరేళ్ల పిల్ల కోసం. ఆ పిల్ల మా అందరి కళ్ల ముందే, ఎవరి పిలుపు కోసమూ ఆగకుండా పెరిగి, ఎప్పుడో వెళ్లిపోయింది.