మోకు చీల్చిన లస్కరు

మా లాకు లస్కరు పోయిన మంగళవారం కన్నుమూశాడు. చిట్టమూరు వైపు నుంచి వచ్చిన కట్టెల పడవవాడు ఆ కబురు తెచ్చాడు. బకింగ్‌హాం కాలువ మీద పడవలను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే లాకు తలుపులను ఆయన ముప్పై ఏళ్ళు తెరిచి మూశాడు. నేను అక్కడ పడవల పుస్తకం రాసే గుమాస్తాను. ఆయనను అన్నా అనేవాణ్ణి. పొద్దున్నే కాలువ నీళ్ళు నాలుకకు తగిలించుకొని, సముద్రం ఎంత లోపలికి వచ్చిందో చెప్పేవాడు.

నేను ఇంగ్లీషు వచ్చునని చెప్పి ఆ కొలువులో చేరాను. వచ్చిందల్లా గూడూరులో కొన్న పాత నిఘంటువు నేర్పినంతే. చేరిన కొత్తలో పడవలు లాగే మోకు తెగింది. ఆయన రెండు కొసలూ ఒళ్ళో పెట్టుకొని, పేటలు విడదీసి, ఒకదాని కిందికి ఒకటి దూర్చి బిగించాడు. ఎక్కడా ముడి లేదు.

"దీన్నేమంటారన్నా?"

"మద్రాసు హార్బరులో దొరలు స్ప్లైసు అనేవోళ్ళు అబ్బయ్యా. ముడేస్తే కప్పీలో ఇరుక్కుంటాది. ఇదైతే జారిపోతాది."

ఆ మాట నిఘంటువులో వెతికాను. అది దొరకలేదు, దానికి దగ్గరగా స్ప్లిట్ అని కనబడింది, చీల్చడమని అర్థం. ఆయన పేటలు చీల్చడం కళ్ళారా చూశాను గనుక అదే అనుకున్నాను. లస్కరు మోకును స్ప్లిట్ చేశాడని రిపోర్టు పంపాను.

వారం తిరగకముందే పై అధికారి వచ్చాడు.

"సర్కారు మోకు చీల్చినావంట! కొలువు చేయాలని లేదా?"

అన్నకు రిటైరు కావడానికి ఇంకా ఏడాది ఉంది. కొలువు ఊడితే పింఛను ఉండదు. తప్పు నాదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. చెబితే నా కొలువు పోతుంది. పడవల పుస్తకంలోకి తల దించుకున్నాను.

అన్న తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. "చీల్చినాను దొరా. చీల్చకుండా ఎట్టా కలిపేది? అతుకు యాడుందో మీరే చూడండి."

అధికారి మోకు పొడుగునా తడిమాడు. ఉప్పు బస్తాల పడవకు కట్టించి లాగించాడు. మోకు కిర్రుమంది, పడవ కదిలింది. ఆయన నవ్వి, "రాసినోడు సరిగ్గానే రాసినాడే!" అని నా భుజం తట్టి వెళ్ళాడు. ఆ మెప్పు నన్ను చాలా కాలం కాల్చింది.

తర్వాత కొన్నేళ్ళకు, నెల్లూరులో ఒక బడిపంతులు ఇంట పెద్ద నిఘంటువు చూశాను. స్ప్లైసు అనే మాట డచ్చి నావికుల నుంచి వచ్చిందట. చీల్చడమనే స్ప్లిట్‌కు అది చుట్టమేనట. పెళ్ళి చేసుకోవడాన్ని కూడా ఇంగ్లీషువాళ్ళు సరదాగా స్ప్లైసు మాటతోనే చెబుతారట. అప్పటికి రిటైరైన అన్నకు ఇదంతా వెళ్ళి చెప్పాను.

"డచ్చోళ్ళా? పళవేర్కాటు రేవులో వాళ్ళ సమాధులు చూసినా. మన పడవోళ్ళే నేర్పించుంటారులే."

"పెళ్ళి సంగతో?"

"అది నిజం. మీ వదిన వచ్చిన ఏడాదే నన్ను పేటపేటగా విప్పేసింది."

"విప్పినా కాబట్టే నిలిచినావు" అంది వదిన లోపలినుంచి.

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనైనా నా తప్పు చెప్పవలసింది. చెప్పలేదు.

అన్న పోయిన మూడోనాడు వెళ్ళి వదిన ముందు కూర్చొని ఆ తప్పు చెప్పాను. ఆమె నావైపు చూడకుండానే అంది.

"ఆయప్పకు ఆనాడే తెలుసు అబ్బయ్యా. హార్బరులో పన్జేసినోడికి ఆ రెండు మాటలూ తెలీవా? పిల్లోడు కొత్త, ఎవురికీ చెప్పబాక అన్నాడు నాతో. నీకు గూడా చెప్పబాక అన్నాడు."

లాకు దగ్గరికి వచ్చేసరికి తలుపుల మధ్య సరుగుడు కట్టెల పడవ ఒకటి ఆగి ఉంది. పడవవాడు గడకర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకొని కూర్చున్నాడు. నీళ్ళు చప్పుడు లేకుండా పడవను కొంచెం కొంచెంగా పైకి ఎత్తుతున్నాయి.