తమ్ముడు ఎత్తిన చెయ్యి

దుబాయ్, అబుదాబిల్లో ఉన్న మావాళ్ళంతా కలిసి పెట్టుకున్న తెలుగు సంఘంలో ఓ ఆనవాయితీ ఉండేది. ఈ ఏడు ఉపాధ్యక్షుడైనవాడే వచ్చే ఏడు అధ్యక్షుడు. పోటీ అన్న మాటే లేదు. ఎనిమిదేళ్ళు కుర్చీలు వేసి, మైకులు మోసి, జబ్బుపడ్డవాళ్ళ కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగి మా ఆయన ఆ వరుసలోకి వచ్చారు. తీరా ఆయన వంతు వచ్చేసరికి ఓటింగు పెట్టాలన్నారు.

కారణం, ఆయన రంగూన్‌లో పుట్టడం. తాతల నాడు బతకడానికి వెళ్ళిన శ్రీకాకుళం కుటుంబం. చిన్నప్పుడే ఓడెక్కి విశాఖ వచ్చేశారు. అక్కడా బర్మావాళ్ళనే పిలిచారు, ఇక్కడా అదే పిలుపు. అది 2004. పరాయి దేశంలో పుట్టినవాళ్ళు ప్రధాని పదవికి పనికొస్తారా అని మన టీవీల్లో రోజూ రచ్చే. మావాళ్ళకి సందు దొరికింది.

ఆ శుక్రవారం దుబాయ్‌లోని డేరా పేటలో ఓ హోటల్ హాల్లో సమావేశం. పోటీకి దిగినాయన మా తమ్ముడి కంపెనీలో ముదీర్. వాడి ఉద్యోగం ఆ మేనేజరు చేతిలోనే ఉంది. ఆ ముదీరే మైకు పట్టుకుని, "తెలుగు సంఘానికి తెలుగు గడ్డ మీద పుట్టినోడుండాల. బర్మా సరుకు మనకెందుకండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. వీసా ఇచ్చే అరబ్బు కఫీల్ ఊ అంటేనే ఈ దేశంలో ఉండగలిగేవాళ్ళం, ఏసీ హాల్లో కూర్చుని పరాయివాడెవడో తేలుస్తున్నాం!

మా ఆయన లేచి ఏదైనా అంటారని చూశాను. నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నారు.

చేతులెత్తమన్నారు. వెనక్కి తిరిగి చూస్తే, ముదీర్ కోసం లేచిన చేతుల్లో మా తమ్ముడి చెయ్యి కూడా ఉంది. మా ఆయన వీసా తీయిస్తే వచ్చినవాడు! ఒక్క చెయ్యి తేడాతో ఓడిపోయాం.

అబుదాబికి తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురం ఒకే కారులో. ఊరి బయట మఫ్రఖ్‌లో వాడుండే కంపెనీ క్యాంపు వచ్చింది. వాడు దిగుతుంటే ఇక ఆగలేకపోయాను.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేరా!"

వాడు తలెత్తలేదు. "బావా, నువ్వైనా చెప్పు" అన్నాడు ఏడుపు గొంతుతో.

"పొద్దున నేనే ఎత్తమన్నాను" అన్నారు మా ఆయన, స్టీరింగు వదలకుండా. "ఎత్తకపోతే రేపు వీడి ఉద్యోగం ఖలాస్."

ముదీర్ మీద కూడా రానంత కోపం ఆయన మీద వచ్చింది. ఎనిమిదేళ్ళు ఎదురుచూసింది ఆయనొక్కరేనా?