పల్లం తెలిసిన బండి

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ పేటలో పల్లం ఎరిగిన మనిషి కూడా ఒకరున్నారు. ఇరవై ఆరేళ్లుగా తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముతున్న ఆవిడను చిన్నా పెద్దా అందరూ బండి పిన్ని అనే పిలుస్తారు. నిండు బండి తోసేవాళ్లకు ఎత్తు ఎక్కడో పిక్కలు చెబుతాయి. పల్లం వస్తే తోయడం మాని వెనక్కి లాగిపట్టాలి కాబట్టి, ఆ సంగతి చేతులు చెబుతాయి.

వానాకాలం వస్తే గుట్ట మీద పడ్డ నీళ్లన్నీ పేట వీధుల్లోకి దూకేవి. చివరికి మున్సిపల్ ఆఫీసువాళ్లు కదిలి, నీళ్లు నిలవడానికి పెద్ద గుంట తవ్వుతామన్నారు. సంతోషం. కానీ ఎక్కడయ్యా అంటే సరిగ్గా పిన్ని ఉండే సందులో! పదకొండు ఇళ్లు తీసెయ్యాలట. అందులో మూడోది పిన్నిది, మొగుడూ పెళ్లామూ ఇటుక ఇటుకా పేర్చి కట్టుకున్న రెండు గదులు.

నోటీసు చూడగానే ఆవిడకు ముందు కోపమొచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది.

"ఈ సందులోకి బండి ఎక్కించలేక రోజూ నా ప్రాణం పోతోంది. నీళ్లు మాత్రం ఎత్తెక్కి వస్తాయా?"

ఆవిడ మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. "పెద్దాఫీసువాళ్లతో మనకెందుకు? ఊరుకో," అన్నాడు. ఊరుకునే మనిషైతే ఆవిడ గురించి చెప్పుకోవడానికేముంది?

బడి హాల్లో సభ పెట్టారు. ఎవరైనా అభిప్రాయం చెప్పొచ్చు, మనిషికి రెండు నిమిషాలు. గోడ మీది మ్యాపులో నీళ్లు పారే దిక్కు చూపే ఎర్ర బాణం మొన పిన్ని సందులోనే గుచ్చుకుని ఉంది. వచ్చినవాళ్లలో ఎవరి గుమ్మం ముందు నీళ్లు నిలిస్తే వాళ్లకు అదే పల్లం. నాలుగు వీధులకు వినిపించే పిన్ని గొంతు మైకు ముందు పీలగా పలికింది.

"బాబూ, ఆ బాణం తప్పు. పల్లం మా సందు వైపు కాదు, పాత గోడౌను వైపు."

"కొలిచే గీశామమ్మా," అన్నాడు కుర్ర ఇంజనీరు.

"ఎప్పుడు కొలిచారు?"

అతను కాగితాలు తిరగేశాడు. "పన్నెండేళ్లయింది."

"ఆ తర్వాత మూడుసార్లు రోడ్డు వేశారు బాబూ. పాతది తియ్యకుండా దాని మీదే పోశారు. మా సందు మొగ ఎత్తైపోయింది. తోసీ తోసీ నా నడుం పడిపోతోంది."

"నీ నడుంనొప్పి చూసి ప్లాను మార్చాలా పిన్నీ?" అన్నాడు కిరాణా కొట్టాయన. హాలు గొల్లుమంది. పిన్నికి ఒళ్లు మండింది.

"నా నడుం సంగతి వదిలెయ్యండి. బండి బయటే ఉంది, వచ్చి చూడండి!"

సభ నడుపుతున్న పెద్దాఫీసరమ్మ లేచింది. ఆవిడ లేచాక కూర్చునేదెవరు? అందరూ బండి వెంట పిన్ని సందు ముందున్న కూడలికి నడిచారు. "నేను వదిలితే నెట్టానంటారు," అంటూ పిన్ని బండిని ఇంజనీరు చేతికిచ్చింది. అతను వదిలాడు. బండి మెల్లిగా కదిలి, ఊపందుకుని, నాలుగు టమాటాలు రోడ్డు మీద రాల్చుకుంటూ గోడౌను గేటుకు పోయి ఆనింది.

"చక్రం వంకరేమో," అని గొణిగాడు కిరాణా ఆయన.

ఇంజనీరు జీపులోంచి కొలత యంత్రం దింపి, మూడు కాళ్ల మీద నిలబెట్టి చూశాడు. చోటు మార్చి మళ్లీ చూశాడు. మొహం కందిపోయింది. అయినా మంచివాడు, దాచలేదు.

"గోడౌను మూల జానెడున్నర కిందికుంది మేడమ్. బండే కరెక్టు."

చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా ఈల వేసింది పిన్ని మొగుడే. ఆఫీసరమ్మ బండి మీదే మ్యాపు పరిచి, ఎర్ర బాణం కొట్టేసి, పెన్సిలు పిన్నికిచ్చింది. పిన్ని గీసిన గీత కాస్త వంకరపోయింది గానీ దిక్కు తప్పలేదు.

ఖాళీగా పడి ఉన్న గోడౌను ఆవరణలో గుంట తవ్వారు. మొదటి పెద్దవానకు పేటంతా గట్టున చేరింది. గుట్ట నీళ్లు సుడులు తిరుగుతూ వచ్చి గుంటలోకి దూకాయి. ఏటా మునిగే కిరాణా కొట్టులోకి చుక్క రాలేదు. ఆయనే పిన్నికి గొడుగు పట్టాడు. పిన్నికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆవిడ ఇల్లు చేరేసరికి అత్తగారు నేల మీద కూర్చుని మూటలు విప్పుతోంది. నోటీసు వచ్చిన రోజు కట్టిన గిన్నెల మూటలవి. ఎవరెంత చెప్పినా ముసలావిడ అంతవరకూ విప్పనివ్వలేదు.

"ఆ పెద్ద గిన్నె అందుకోవే, అటక మీద పెట్టు," అంది కోడలితో. "ఇక దించే పని లేదు."